దొంగ తల్లి వెర్నా

మా వర్జీనియా అడవుల నడుమ, కేంద్ర దర్యాప్తు సంస్థవారు కొత్త ఏజెంట్ల శిక్షణకై కట్టించిన ఉత్తుత్తి ఊరిలో, అరవై ఎనిమిదేళ్ల వెర్నా ప్రూయిట్ బ్యాంకు దొంగకు తల్లి. జీతానికి వేసే ఆ వేషంలో ఆమె పన్నెండేళ్లుగా వారానికి నాలుగుసార్లు అరెస్టవుతూనే ఉంది. బేడీలకు చేతులు చాచే ముందు గడియారం విప్పి జేబులో వేసుకోవడం ఆమె అలవాటు. (తొలినాళ్లలో ఆ సంస్థవారికి తుపాకీ పట్టే అధికారమే లేదట, నేడు దొంగల తల్లులకు సైతం రబ్బరు తుపాకులిస్తున్నారు.)

మొన్న ఆమెను అరెస్టు చేయవచ్చిన కోల్బీ అనే శిక్షణలోని యువకుడు అప్పటికే ఒక పరీక్ష తప్పాడు. ఇదీ తప్పితే ఇంటికే. అయినా అతడు సోదా మాట మరచి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"మెట్లు జాగ్రత్త మేడమ్. సంచీ నేను పట్టుకోనా?"

"నా సంచీ నాకు బరువా, నాయనా?"

ఇంతటి మర్యాదస్థుణ్ణి ఇంటికి పంపడానికి వెర్నాకు మనసొప్పలేదు. కాని, బయట ఎదురయ్యే నిజమైన దొంగ తల్లి జాలిపడదని తోచి, సంచీలోంచి తుపాకీ తీసి అతడి గుండెకు గురిపెట్టింది.

"ఢాం! చచ్చావు, బాబూ."

"అయ్యో మేడమ్, నా ఉద్యోగం పోయింది!"

"పోనీలే. నన్ను నోరారా తిట్టుకోమని మీ అమ్మతో చెప్పు. ఆవిడకు కొడుకు మిగిలాడు."