ప్రశ్నలక్క

బస్సులో సీటు దొరికినా దొరక్కపోయినా, ఎక్కగానే ఆమె సంచిలోంచి పుస్తకం తీస్తుంది. ఆ గురువారం ఉపన్యాసానికి రాబోయే పెద్దమనిషి రాసిన పుస్తకం. దాన్ని చివరి అధ్యాయం నుంచి వెనక్కి చదువుతుంది. మొదటి అధ్యాయాలు వక్త ఎలాగూ చెబుతాడు. చివరిదాకా వచ్చేసరికి టీ చల్లారిపోతోందని అందరూ తొందరపెడతారు కాబట్టి, అడగవలసినవన్నీ అక్కడే మిగిలిపోతాయి.

దిగేలోపు మూడు చీటీలు తయారవుతాయి. మొదటి ప్రశ్న తేలికది, హాలుని నిద్ర లేపడానికి. రెండోది వక్త తన కుర్రతనం గుర్తు చేసుకుని మురిసిపోవడానికి. మూడోది పెద్దసారు లేచి, "దీనికి నేనొక్క మాట కలుపుతాను" అనడానికి. ఆ చీటీలు ముగ్గురు విద్యార్థుల చేతుల్లో పడతాయి. ఒకప్పుడు ఒక ఉపన్యాసం తర్వాత ఎవరూ నోరు మెదపలేదు. "మీకు అంతా అర్థమైందో, ఏమీ అర్థం కాలేదో!" అని వచ్చినాయన ఎత్తిపొడిచి వెళ్ళాడు. అప్పట్నుంచి చరిత్ర శాఖలో ఈ ఏర్పాటు. విద్యార్థులు ఆమెకు ప్రశ్నలక్క అని పేరు పెట్టేశారు.

పెద్దసారు శాఖాధిపతి, ఆమె పరిశోధనకు గైడు కూడా. రేవు కూలీల మీద ఆమె రాసిన సిద్ధాంత గ్రంథం రెండేళ్ళ కిందటే పూర్తయింది. అట్టలు కట్టించిన ప్రతులు ఆయన బీరువాలో ఉన్నాయి. ఆయన సంతకం లేనిదే అవి ఆఫీసు గుమ్మం తొక్కవు. ఎప్పుడడిగినా, "ఈ సభల హడావుడి తగ్గనీ అమ్మా, ఒక్కసారి చూసి పెట్టేస్తా" అంటాడు. సభలు తగ్గవు. గురువారం మానదు.

ఆమె ఉండేది అన్నగారింట్లో. వదిన నోరు ఊరుకునే రకం కాదు. "మా ఆడపడుచు డాక్టరయ్యేలోపు మీ అన్నయ్యకి బీపీ, షుగరూ రెండూ వచ్చేశాయి. ఇంకెవరికమ్మా వైద్యం చేస్తావు?" అనేది. అన్న పేపరు వెనక నవ్వుకునేవాడు.

పరిశోధనలో చేరిన ఎనిమిదో ఏడు వేరే ఊరి కాలేజీలో ఆమెకు అధ్యాపకురాలి ఉద్యోగం వచ్చింది. శనివారంలోగా గ్రంథం సమర్పించినట్టు రసీదు చూపించాలి. లేకపోతే జాబితాలో రెండో పేరున్నావిడను పిలుస్తారు.

గురువారం పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళి ఆ మాట చెప్పింది.

"ఇవాళ వచ్చేది మామూలు మనిషి కాదు. ఈ సభ గట్టెక్కించు. ఐదింటికి రా, పెట్టేస్తా" అన్నాడాయన.

"తప్పకుండానా సార్?"

"నామీద నమ్మకం లేదా ఏంటి?"

ఉందని చెప్పక ఏం చేస్తుంది?

వక్త డెబ్భై దాటిన మనిషి. పాత ఉత్తరాలను ఏరి, వాటిలోంచి చరిత్ర రాసినాయన. మైకు ముందుకొచ్చి, కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఈ ఉపన్యాసం నలభై చోట్ల ఇచ్చాను. నాకే విసుగొచ్చేసింది. ఇవాళ నేను చెప్పను, మీరడగండి."

పెద్దసారు ముఖంమీద నవ్వు అలాగే బిగుసుకుపోయింది. చేతిలో ఉన్నవి మూడే చీటీలు, ముందున్నది గంటంబావు. మూడో చీటీ కుర్రాడైతే కంగారులో, "మూడోది. మీ చివరి అధ్యాయంలో..." అని అంకెతో సహా చదివేశాడు. పావుగంటలో అన్నీ అయిపోయాయి.

పెద్దసారు గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమెకేసి చూసి గడ్డం ఎగరేశాడు. అటెండరు మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంక మీరే దిక్కు మేడమ్."

ఆమె అడిగింది. రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళచేత రాయించుకున్న ఉత్తరాల్లో వినిపించేది ఎవరి గొంతు? జవాబు రాని ఉత్తరాన్ని ఎవరు దాచుకుంటారు, ఎందుకు? ముసలాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ప్రశ్నమీద ప్రశ్న, దాదాపు గంటసేపు. హాల్లో ఒక్కరూ లేవలేదు.

"ఇంకొక్కటి అడుగమ్మా. పుస్తకం సంగతి కాదు. నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది అడుగు" అన్నాడాయన.

మైకు ఆమె చేతిలో ఉంది. రెండు వందల మంది వింటున్నారు. బీరువా సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మొదటి వరుసలో పెద్దసారు చేతులు కట్టుకుని వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నాడు.

"మీ దగ్గర పరిశోధన చేసినవాళ్ళు... ఎన్నేళ్ళకి బయటపడేవాళ్ళు సార్?"

ముసలాయన పగలబడి నవ్వాడు. "బయటపడటమా! మంచివాళ్ళనైతే అసలు వదలబుద్ధయ్యేది కాదమ్మా. ఒకణ్ణి పదకొండేళ్ళు ఉంచేసుకున్నా. పాపం, రాయడం ఎప్పుడో అయిపోయింది. వాడెళ్ళిపోతే నా ఉత్తరాలన్నీ ఎవరు సర్దిపెడతారు?"

హాలంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పెద్దసారే. ఆమె కూడా నవ్వింది. మైకు చేతిలోనే ఉండటంతో ఆ నవ్వు అందరికీ వినపడింది.

ఐదింటికి పెద్దసారు మంచి హుషారుగా ఉన్నాడు. తనే బీరువా తీసి, గ్రంథం ప్రతినొకదాన్ని బల్లమీద పెట్టి, పెన్ను క్యాపు విప్పాడు.

"విన్నావా, పదకొండేళ్ళట! మనది ఇంకా ఎనిమిదేగా."

"శనివారంలోగా సార్..."

"అక్కడికెళ్ళి ఏం చేస్తావమ్మా? ఆయన నెలనెలా వస్తానన్నాడు. ఆ అమ్మాయి అడిగేటట్టయితేనే వస్తానన్నాడు. ఇలాంటప్పుడు నువ్వు లేకపోతే శాఖ పరువేం కాను?" ఆయన పెన్ను క్యాపు పెట్టేశాడు. "ఆ చివరి అధ్యాయం ఒక్కసారి చూసి ఇస్తా."

"సరే సార్" అంది. ఆ మాట ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

బయట అటెండరు కిటికీలు వేస్తున్నాడు. "అయిందా మేడమ్?"

"చూస్తానన్నారు."

"ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. ఆయన కళ్ళేమైపోవాలి!"

ఇంటికొస్తే వదిన గుమ్మంలోనే, "పెట్టాడా?" అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. వదిన ఆ రోజు ఏ వేళాకోళమూ ఆడలేదు. సంచి అందుకుని లోపలికి తీసుకెళ్ళింది.

సోమవారం ఆ ఉద్యోగంలో రెండో పేరావిడ చేరింది.

ఇప్పుడు ప్రశ్నలక్కకు ముప్పై ఆరేళ్ళు. కిందటేడు విశ్వవిద్యాలయం ఆమెకు కొత్త గుర్తింపు కార్డు ఇచ్చింది. దానిమీద హోదా అన్నచోట 'సభల సమన్వయకర్త' అని ఉంటుంది.