పూజ రోజు తెగిపోయిన కాల్

2021 దసరా. ఆయుధ పూజ రోజు ఉదయం ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఫోన్ లైన్లు చూస్తుండగా భవానీపురంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రి నుంచి మొబైల్‌కు కాల్ వచ్చింది. లైన్లన్నీ పోయాయి, వెంటనే రమ్మన్నారు. టెలిఫోన్ సర్వర్లు బాగుచేయడం నా పని. బయటి నుంచి వచ్చే పీఆర్ఐ అనే డిజిటల్ లైను ఒక్కటే తీగ, దాని మీద ఒకేసారి ముప్పై మంది మాట్లాడొచ్చు. ఆ తీగ సర్వర్‌లోని కార్డుకు అందకపోతే ముప్పై మందికీ ఒకేసారి ఫోన్ పోతుంది.

వెళ్లేసరికి రిసెప్షనిస్టు రేష్మా ముఖం పాలిపోయి ఉంది. తోట్లవల్లూరు వైపు ఏటి మధ్య లంక ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడట. భార్యకు నొప్పులు, రక్తం పోతోంది, 108 వేరే కేసు మీద వెళ్లింది, అంబులెన్స్ పంపమన్నాడు. ఏ లంకో చెప్పేలోపే లైను తెగింది. ఆ వైపు లంకలు ఒకటి రెండు కావు. జనానికి తెలిసిన ఆసుపత్రి నంబరు అదొక్కటే. కింద డ్రైవరు బండి స్టార్ట్ చేసి కూర్చున్నాడు, ఎటు వెళ్లాలో తెలియదు.

సర్వర్ నిండా పసుపు కుంకుమ బొట్లు, వెనక తీగలు కనిపించకుండా బంతిపూల దండలు. తెర మీద రెడ్ అలారం, అంటే లైను అసలు అందడం లేదని. పూజ దండ తీయడానికి చెయ్యి రాలేదు. సర్వర్ రీస్టార్ట్ చేశాను. మళ్లీ రెడ్. ఫోన్ కంపెనీ ఇంజినీరుకు చేసి నాలుగు మాటలు అన్నాను. తమ వైపు అంతా బాగానే ఉందని అతను ఒట్టు పెట్టినంత పని చేశాడు. ఇంకోసారి రీస్టార్ట్. ఇరవై నిమిషాలు అలాగే పోయాయి.

అప్పుడు అడిగాను, దీన్నెవరైనా ముట్టుకున్నారా అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు సూపర్‌వైజర్ సుబ్బారావు గారు ముందుకొచ్చారు.

"పూజ కదండీ, వైర్లు తీసి తుడిచి మళ్లీ పెట్టేశానండి. ఒక్క నిమిషమే."

సరిగ్గా ఆ కాల్ నడుస్తున్నప్పుడే తీశారన్నమాట. నా నోరు అసలే మంచిది కాదు. పెద్దాయనని కూడా చూడకుండా అందుకున్నాను. రేష్మా అడ్డొచ్చింది.

"ఆయన్ని తర్వాత తిడుదురు గానీ, ఆ ఫోన్ చేసినాయన నంబరు ఇందులో ఉంటుందా అండీ?"

ఉంటుంది. వచ్చిన ప్రతి కాల్ నంబరూ సర్వర్ లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, పడుతుంది. నేను రోజూ చూసేదే. ఒక్కసారీ తట్టలేదు. నంబరు చదివాను, రేష్మా తన మొబైల్ నుంచి చేసింది. అవతల ఆయన ఏడుస్తున్నాడు. మేం రామనుకుని మంచం మీద రోడ్డుకు మోసుకొస్తున్నారట. లంక పేరు చేతి మీద రాసుకుని ఆమె మెట్లు దిగి పరుగెత్తింది.

ఆ తర్వాతే దండ తీశాను. పీఆర్ఐ తీగ కొస, నెట్‌వర్క్ తీగ కొస చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని చోట ఒకటి పెట్టారు. మార్చగానే లైను వచ్చింది.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టిందని, తల్లికి గండం గడిచిందని రేష్మా చెప్పింది. ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని డాక్టరుగారు అన్నారట. అప్పటికే ఇరవై నిమిషాలు నేనే తినేశాను. సుబ్బారావు గారిని తిట్టినందుకు సిగ్గేసి, వెళ్లి క్షమించమన్నాను. ఇప్పుడు ఎక్కడ లైను పోయినా ముందు తెగిపోయిన కాల్స్ నంబర్లు కాగితం మీద రాసి రిసెప్షన్‌లో ఇస్తాను. లైను సంగతి ఆ తర్వాత చూస్తాను.