పాసి కోసం పడవెక్కాను

మా పేటలో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, వలలు బాగుచేస్తారు, పడవను ఒడ్డుకు లాగేటప్పుడు తాడూ పడతారు. పడవలోకి మాత్రం కాలు పెట్టకూడదు. ఆ ఉద్దానం పేటలో పుట్టిన నేను, రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఓడెక్కి దక్షిణ ధ్రువ సముద్రం దాకా వెళ్లొచ్చాను.

అక్కడ నా పని నాచును, మా పేట మాటలో పాసిని, పరిశీలించడం. గడ్డకట్టిన సముద్రాన్ని తొలిచి మంచును కడ్డీలా పైకి తీస్తే పైనంతా తెలుపు, అడుగున డికాషన్ రంగు. మంచులోని సన్నని ఉప్పునీటి సందుల్లో బతికే నాచు రంగు అది. విడిగా చూడాలంటే మైక్రోస్కోపు కావాలి.

ఇంటికొచ్చి ఆ మంచు కడ్డీ ఫొటో మా మేనమామకు చూపించాను. ఆయనకు ఐసంటే పలాస నుంచి చేపల పెట్టెల్లోకి వచ్చే గడ్డే.

"ఈ పాసి సూడ్డానికి అంత దూరం ఎల్లాలేటే? మన నూతిలో నేదా?" అని నవ్వాడు.

"ఆ పాసి తిని సిన్న రొయ్యలు బతుకుతాయి మావా. ఆటిని తిని సేపలు. మన సముద్రంలో ఏ పాసి ఉందో సూడాల. రేపు నీ పడవలో నన్ను తీసుకెల్లు."

నవ్వు ఆగిపోయింది. "ఆడది ఎక్కితే సేప పడదు."

"ఓడ మీద నెలలు తిరిగినాను. నన్నెవులూ దింపీలేదు."

"ఆ ఓడ నాది కాదు."

నాకు ఒళ్లు మండింది. మంచు మీద నడిచొచ్చిన కాళ్లు సొంత మేనమామ పడవకు మైలా? ఒడ్డున నీళ్లు ముంచుకుంటే సగం ఇసుకే వస్తుంది, అల దాటక తప్పదు. మర్నాడు పొద్దున్నే మామా, తోటి జాలర్లూ వల మోసుకొచ్చేసరికి నీళ్లు పట్టే సీసాలు ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చున్నాను.

"దిగు గుంటా."

"దిగను."

గాలి లేచేలోపు అల దాటాలి. మేనకోడలిని చెయ్యి పట్టి ఈడ్చే మనిషి కాదాయన. అత్త చెంబుతో పసుపునీళ్లు తెచ్చింది. మామ పడవ మీద చల్లి, అదే చేత్తో నా మీదా చల్లాడు, నేనూ అందులో ఒక చెక్కనైనట్టు. చల్లుకోనీ అనుకున్నాను. పడవ కదిలింది.

అల దాటాక సీసాలు నింపుకున్నాను. ఆ రోజు వల బరువుగా వచ్చింది. ఒడ్డున అడిగినవాళ్లకు, గాలి బాగుందని చెప్పాడు మామ. ఖాళీగా వచ్చి ఉంటే గాలి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు, నా పేరే ఎత్తేవారు.

మర్నాడు సీసాలు కడుక్కుని మళ్లీ పడవలో కూర్చున్నాను. వల ఖాళీగా వచ్చినా రేపూ ఇక్కడే ఉంటానని మామకు ముందే చెప్పాను.