మూసి ఉంచిన పొర

కోరుట్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆయన, నేను ట్యాబ్ మీద పెన్నుతో పెళ్లికూతురి బొమ్మ వేస్తుంటే చాలాసేపు చూశాడు. సిరిసిల్ల ఫొటో స్టూడియో వాళ్లు అడిగిన బొమ్మ అది. వేసిన పూలజడ నాకే నచ్చక, తెర అంచున ఉన్న కన్ను గుర్తును నొక్కాను. జడ మాయమైంది.

“చెరిపేసినవా తమ్మీ?”

“లేదన్నా, దాచిన. ఒక్కొక్కటి ఒక్కో పొర మీద గీస్తం. గీ కన్ను మూస్తే కనవడది, తెరిస్తే మళ్ల కనవడ్తది.”

ఆయన ఇంకొంచెం నా వైపు జరిగాడు. “నన్ను గీస్తవా? ఎల్లుండి దుబాయి పోతున్న.”

జగిత్యాల వచ్చేలోపు ముఖం కుదిరింది. నుదుటి మీది జుట్టు వెనక్కి జరపమన్నాడు. తర్వాత, చొక్కా రంగు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

“ఇగ బొట్టు వెట్టు. దండ గూడ ఎయ్యి. వేరే పొర మీద ఏసి, దాని కన్ను మూసెయ్యి.”

పెన్ను ఎత్తి ఆయన ముఖంలోకి చూశాను.

“మా అన్న దుబాయికెల్లి శవమై పెట్టెల అచ్చిననాడు ఇంట్ల పాస్‌పోర్ట్ ఫొటో ఒక్కటే ఉండె. పెద్దగ చేపిస్తే మొఖమే తెల్వకుంటైంది. మా అమ్మ ఎవలకు దండేసిందో ఆమెకే తెల్వది.”

వేశాను. దండ లేని బొమ్మ తన ఫోన్‌కు పంపించుకున్నాడు. దండ ఉన్నది నా దగ్గరే ఉంచమని, ఇంట్లో ఇవ్వడానికి నా నంబరు రాసుకున్నాడు.

“మా ఇంటోళ్లు ఫోన్ చేస్తే తెరువు.”

ఇంతవరకు ఎవరూ చేయలేదు. అయినా తెలియని నంబరు మోగితే, ఎత్తేముందు ట్యాబ్ తీసి ఆ కన్ను మూసే ఉందా అని చూసుకుంటాను.