రెండోసారి చేసిన ప్రమాణం

నిరుడు ఆదిలాబాద్ వైపు ఒక మెడికల్ కాలేజీలో చేరాను. నెల తిరక్కముందే, రెండో విడత కౌన్సెలింగ్‌లో సికింద్రాబాద్ కాలేజీలో సీటు వచ్చింది. కొత్త సీటు రాగానే పాతది దానంతటదే రద్దయిపోతుంది. మా అమ్మ ఆ పూటే మెట్టుగూడలో మా వీధంతా చెప్పేసింది. నాకు మాత్రం సంతోషమో బాధో ఏమీ తెలియలేదు.

కొత్త కాలేజీలో మొదటిరోజే అనాటమీ హాలు. బల్ల మీద ఎవరో ముసలావిడ దేహం.

"అందరూ మొన్ననే ప్రమాణం చేసిండ్రు. నువ్వొక్కదానివే మిగిలినవ్. ముందుకొచ్చి చెప్పమ్మా," అన్నారు మేడమ్.

దేహదానం చేసినవాళ్లకు మర్యాద ఇస్తామని, కోత మొదలుపెట్టే ముందు మేమంతా చెప్పే మాటలవి. క్లాసంతా నన్నే చూస్తోంది. చెయ్యి చాచి, "మీరే నా మొదటి గురువు" అనబోయి ఆగిపోయాను. ఆ మాట పాత కాలేజీలో ఇలాగే బల్ల మీదున్న ఒక పెద్దాయనకు చెప్పేశాను. ఆయన కుడిచేతి పాఠం సగంలోనే ఉంది.

వెనక ఎవరో నవ్వారు.

"ఏందమ్మా, భయమైతున్నదా?"

"లేదు మేడమ్. నాకిది రెండోసారి."

"అయితే మొదటి అనకు. గురువు అను, చాలు," అన్నారు.

అన్నాను. ఏడుపు కూడా రాలేదు.

"కొత్త కాలేజీ ఎట్లున్నదే?" అని అమ్మ అడిగితే, "మంచిగనే ఉన్నది," అన్నాను.

పాత కాలేజీలో హాస్టల్ వంటావిడతో సహా అందరికీ వెళ్తున్నానని చెప్పే వచ్చాను. ఆ పెద్దాయనకు చెప్పాలని మాత్రం తోచలేదు.

– కీర్తన, సికింద్రాబాద్