సాంచ నడిపిన చేతికి డ్రోన్

2021 చివరి నెలలు. కరోనా రెండో వేవ్ సద్దుమణిగి సూరత్‌లో పవర్‌లూమ్‌లు మళ్ళీ మోగుతున్నాయి గానీ, చాలా కార్ఖానాల్లో ఒక షిఫ్టే నడుస్తోంది. డ్రోన్ నిబంధనలు అప్పుడే సడలించారు. పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న చోట శిక్షణ పొందితే పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. నేను సూరత్‌లోనే ఉధ్నా రైల్వే క్వార్టర్లలో పెరిగి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పినదాన్ని. ఆన్‌లైన్ క్లాసుల్లో నల్ల తెరలకు పాఠం చెప్పీ చెప్పీ విసుగెత్తి, హితేష్ భాయ్ అనే పాత సహోద్యోగితో కలిసి ఆ కోర్సు నేర్పడం మొదలుపెట్టాను.

డ్రోన్ కోర్సుకు ముందు కావలసింది డ్రోన్ కాదు, ఆకాశం. విమానాశ్రయం చుట్టుపక్కల ఎగరేయకూడదు. మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు ఉన్నచోట, అంటే గ్రీన్ జోన్‌లో, ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఆ ఆకుపచ్చ కోసం స్కూటర్ మీద తిరిగి తిరిగి, చివరికి ఊరి బయట జోల్వా దాటాక ఒక బీడు భూమి పట్టాం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను తెల్లారకముందే అక్కడ వాలేదాన్ని. మా దగ్గర ఉన్నవి రెండే రెండు డ్రోన్లు.

మొదటి బ్యాచ్‌లో రాజమల్లు ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. గొంతు మామూలుగా మాట్లాడినా ఊరంతా వినపడుతుంది, మగ్గాల హోరులో బతికినవాళ్ళందరి గొంతూ అంతే. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే విని దగ్గరికొచ్చాడు.

“మేడం, మీరు తెలుగోళ్ళా? మాది సిరిసిల్ల దిక్కు. ఈడ జోల్వల సాంచలు నడుపుత.”

సాంచ అంటే వాళ్ళ భాషలో పవర్‌లూమ్. పదో తరగతి మెమో చూపించి, అడక్కుండానే సంగతంతా చెప్పేశాడు.

“బార్డోలి దిక్కు చెరుకు తోటలకు మందు కొట్టే డ్రోన్ తెచ్చిండు ఒక సేటు. సర్టిఫికెట్ తెస్తే పనిల పెట్టుకుంటనన్నడు. నా సాంచలు వేరేటోనికి అప్పజెప్పి వచ్చిన. ఇగ ఎన్కకు పోనీకి లేదు మేడం.”

క్లాసులో జవాబులు బాగానే చెప్పేవాడు. రిమోట్ చేతికిచ్చాకే తిప్పలు మొదలయ్యాయి. రిమోట్ మీద రెండు పుల్లలుంటాయి, వాటిని స్టిక్స్ అంటాం. ఎడమది పైకి తోస్తే డ్రోన్ లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది. రాజమల్లు చక్కగా లేపేవాడు, ముందుకు తీసుకెళ్ళేవాడు. ఉన్నట్టుండి ఎడమ స్టిక్ మొత్తం కిందికి గుంజేసేవాడు. మొదటిసారి గడ్డిమీద దిగి బతికిపోయింది. రెండోసారి రాయి తగిలి డ్రోన్ కాలు విరిగింది, మోటారు పోయింది. కరోనా కాలంలో స్పేర్ పార్టులు ఎప్పుడొస్తాయో చెప్పే నాథుడు లేడు.

హితేష్ భాయ్ నన్ను పక్కకు పిలిచాడు. “బెన్, ఈయన్ని పంపించేద్దాం. రెండోది కూడా విరగ్గొడితే బ్యాచ్ మొత్తం ఇంటికి పోతుంది. గాలిలో దీపం పెట్టి దేవుడా అంటే ఎలా?” అన్నాడు హిందీలో. బెన్ అంటే గుజరాతీలో అక్క. ఆయన మాట తప్పు కాదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. రాజమల్లు విరిగిన డ్రోన్ కాలు చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు.

“ఎందుకు గుంజావయ్యా? ఎవరు గుంజమన్నారు?” అని గట్టిగానే అడిగాను.

“ఏమో మేడం. చప్పుడు మారింది గదా. ఆపుదామనుకున్న.”

చప్పుడు మారిందా? అప్పుడు నాకు తోచింది. గాలి విసురుకు డ్రోన్ నిలదొక్కుకోవాలంటే మోటార్లు వేగం పెంచుకుంటాయి, కూత సన్నగా పైకి లేస్తుంది. మేం దాన్ని పట్టించుకోం. ఇతను అది వినగానే ఏదో చేస్తున్నాడు. ఆ సాయంత్రం అతన్ని వెంటబెట్టుకుని అతను పనిచేసిన కార్ఖానాకు వెళ్ళాను. హితేష్ భాయ్ నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటాడు.

లోపల హోరు. కార్ఖానా సేటు ఒప్పుకుంటే రాజమల్లు పాత జాగాలో నిలబడ్డాడు. నాతో సైగలతో ఏదో చెబుతున్నాడు, ముఖం నా వైపే ఉంది. వెనక ఒక మగ్గంలో పోగు తెగింది. నాకు ఏ తేడా వినపడలేదు. అతను తల తిప్పలేదు, చెయ్యి మాత్రం వెనక్కి పోయి హ్యాండిల్ గుంజేసింది. మగ్గం ఆగింది. ఆ చెయ్యి అతన్ని అడగనే లేదు.

బయటికొచ్చి టీ తాగుతూ చెప్పాను. “ఇన్నేళ్ళు నీకు అన్నం పెట్టిన అలవాటు అది. చప్పుడు మారితే గుంజు, ఆపు. మగ్గం నేలమీద ఉంది, ఆపితే ఆగుతుంది. గాల్లో ఉన్నదాన్ని గుంజితే పడుతుంది. దీన్ని ఆపాలంటే రెండు బొటనవేళ్ళూ ఎత్తెయ్. జీపీఎస్ పట్టుకుని ఉన్నంతసేపు అది ఉన్నచోటే నిలబడుతుంది.”

“చెయ్యి తీసేస్తే ఆగుడేంది అక్కా?” అన్నాడు. మేడం పోయి అక్క వచ్చింది. “చెయ్యి తీస్తే మా కాడ గుడ్డ ఖరాబైతది.”

మర్నాటినుంచి ఇద్దరం ఒకే పని. నా రిమోట్, అతని రిమోట్ ఒకదానికొకటి కలిపాను, దాన్ని బడ్డీ బాక్స్ అంటారు. శిష్యుడు తప్పు చేస్తే గురువు డ్రోన్ అదుపు లాక్కోవచ్చు. నేల దగ్గర లాక్కునే వ్యవధి ఉండదని ఎత్తులోనే సాధన చేయించాను. కూత మారితే వేళ్ళు ఎత్తి, “వదిలిన” అని గట్టిగా అనాలి. మొదట్లో “వదిలిన” అంటూనే గుంజేవాడు. నేను తిట్టేదాన్ని, అతను నవ్వేవాడు, మళ్ళీ లేపేవాళ్ళం. మాస్కు లోపల ఇద్దరికీ చెమటలు. పోనుపోనూ నోటితోపాటు వేళ్ళు కూడా లేవడం మొదలైంది.

నేర్పినవాళ్ళు పరీక్ష పెట్టకూడదని మేం పెట్టుకున్న నియమం. అందుకని రాజమల్లు పరీక్ష హితేష్ భాయ్ చేతిలో పడింది. బడ్డీ బాక్స్ లేదు. ఉత్తరాయణ్, అదే మన సంక్రాంతి, దగ్గరపడుతోంది, ఊళ్ళో మేడల మీద గాలిపటాలు అప్పుడే లేచాయి. ఎనిమిది అంకె ఆకారంలో డ్రోన్‌ను తిప్పాలి. సగం తిప్పాడు. ఇంతలో గాలి విసురుగా కొట్టింది, మోటార్ల కూత లేచింది. ఎక్కడో తెగిన పతంగి ఒకటి మాంజా దారం వేలాడేసుకుని మావైపే కొట్టుకొస్తోంది. ఆ దారం రెక్కలకు చుట్టుకుంటే డ్రోన్‌తోపాటు బార్డోలి పని కూడా పోయినట్టే. నా వేళ్ళు నా చీర కుచ్చిళ్ళను గుంజుతున్నాయి.

“వదిలిన!” అని మైదానమంతా వినపడేలా అరిచాడు రాజమల్లు. రెండు వేళ్ళూ పైకి లేచి ఉన్నాయి. డ్రోన్ ఊగి, ఉన్నచోట నిలబడింది. దారం దానికి అవతలగా జారుకుంటూ పోయింది. పతంగి నేల తాకేదాకా చూసి, మళ్ళీ స్టిక్స్ పట్టుకుని మిగతా సగం తిప్పి, తెల్ల గీతల మధ్యలో దించాడు.

“బెన్, ఊభో రహ్యో!” అన్నాడు హితేష్ భాయ్. నిలబడ్డాడనీ కావచ్చు, నిలబడిందనీ కావచ్చు. ఆయనన్నది డ్రోన్ గురించో మనిషి గురించో నేనడగలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

ఇప్పుడు ఏ బ్యాచ్ వచ్చినా మొదటిరోజు రిమోట్ ఇవ్వను. మీ చేతులు ఇన్నాళ్ళు ఏ పని చేశాయో చెప్పమంటాను. వరాఛాలో వజ్రాలు సానబట్టినవాళ్ళు ఆకాశం వదిలేసి రిమోట్‌లోకి తల దూరుస్తారు. ఆటో నడిపినవాళ్ళ వేలు హారన్ వెతుకుతుంది. ఖాళీ చేతులతో ఎవరూ రారు. ముందు చేతిలో ఉన్నదేదో చూసి, ఆ తర్వాతే కొత్తది పెట్టాలని నాకు నేర్పింది రాజమల్లే.

బార్డోలి చెరుకు తోటల నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు, అదే గొంతు. మొన్న పని ఎలా ఉందని అడిగాను.

“పని మస్తుగున్నది అక్కా. ఇంట్లనే పరేషాన్. మా ఆమె గొంతు జర మారితే చాలు, రెండు చేతులు లేపి నిలబడుతున్న.”

“మరి ఆవిడేమంటుంది?”

“గీ కోర్సేదో పెండ్లికి ముందే చేయకపోతివా అంటది.”