మేస్త్రి రెండు గంటల తీసివేత

గడియారాల మేస్త్రి రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేతి గడియారానికి కీ ఇచ్చేవాడు. సెలవులకు పరదేశం వచ్చినా దాన్ని ఇంటి టైం మీదే ఉంచి, రెండు గంటలు తీసేసి ఇక్కడి టైం చెప్పేవాడు.

ఆఖరి రోజు మబ్బు పట్టింది. భార్యతో కోట చూస్తున్నాడు. విమానం నాలుగింటికి. గడియారం రెండు చూపిస్తోంది.

"ఇంకా పన్నెండే. పైదాకా ఎక్కుదాం."

"పన్నెండేంటండీ, రెండయింది! రోజూ మీకా తీసివేత బాధెందుకని పొద్దున నేనే ఇక్కడి టైంకి తిప్పిపెట్టాను."

"నా గడియారం మీద చెయ్యేశావా?"

"తిట్లు విమానంలో తిడుదురుగాని, ముందు దిగండి!"

ఇద్దరూ కోట మెట్లు పరుగున దిగారు. మళ్లీ విమానం వారానికి గాని లేదు. గది కూడా ఖాళీ చేసేశారు. టాక్సీల దగ్గర పదిమంది వరుసలో ఉన్నారు. అందరికన్నా ముందు చేతికర్రతో నిలబడ్డ ముసలామె వీళ్ల రొప్పు చూసి, అడక్కుండానే వచ్చిన టాక్సీ తలుపు తీసి పట్టుకుంది.

"ఎక్కండి బాబూ, నాకేం తొందర లేదు."

అందరికన్నా చివర విమానమెక్కి కూర్చున్నాక, మేస్త్రి గడియారం విప్పి భార్య చేతిలో పెట్టాడు.

"ఇల్లు చేరేదాకా నీ దగ్గరే ఉంచవే. టైం అడిగితే నువ్వే చెప్పు, నన్ను లెక్క చెయ్యనివ్వకు."